బల్లమీద బొబ్బిలి



ఈ వేళ నేను చెప్పబోయే సంగతి వింటే "ఇదేమిటి, ఆడవాళ్ల కార్యక్రమంలో యుద్ధాల గోల?" అని మీరు ముక్కున వేలేసుకోవచ్చు. పరవాలేదు లెండి, మొదట్లో నేనూ అలాగే వేలేసుకున్నాను. అయితే మా ఇంట్లో ఆ యుద్ధం జరిగింది ఎక్కడో కాదు, మేం రోజూ అన్నం తినే బల్లమీద. నాలుగు వారాలపాటు ఇంటిల్లిపాదీ నేలమీద పీటలు వేసుకుని భోంచేశాం. ఎందుకంటే బల్లమీద నెయ్యిగిన్నె పెట్టవలసిన చోట ఫ్రెంచివాళ్ల ఫిరంగి ఉంది!

అసలు విషయం ఏమిటంటే, మా తమ్ముడు ఉద్యోగరీత్యా కొన్నేళ్లు ఇంగ్లండులో ఉండి వచ్చాడు. పైదేశంనుంచి వచ్చేవాళ్లు చీరలో, సెంటు సీసాలో తెస్తారు కదా! వీడు ఒక పెట్టెనిండా అంగుళం ఎత్తు సైనికుల బొమ్మలు తెచ్చాడు. "అక్కయ్యా, ఇవి పిల్లలు ఆడుకునేవి కావు, అక్కడ పెద్దవాళ్లు ఆడతారు" అన్నాడు. "పెళ్లాం పిల్లలున్నవాడివి, నీకిదేం పోయేకాలంరా!" అన్నాను నేను. పదో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉన్న మా అబ్బాయి మాత్రం మేనమామ పక్కన చేరిపోయాడు. ఇంకేముంది, ఆ వేసవి సెలవులు మా ఇంట్లో యుద్ధపు సెలవులయ్యాయి.

ఆట సంగతి కాస్త చెబుతాను. మనకి చదరంగం తెలుసు. ఏనుగులు, గుర్రాలు, రథాలు, కాల్బలం అనే నాలుగు బలాలను గళ్లబల్లమీదకు తెచ్చిన ఆట అది. పులి–మేక ఆట చిన్నప్పుడు అరుగులమీద సుద్దతో గీసుకుని ఆడినదే. వాటిలో నేల ఉండదు, గీతలే ఉంటాయి. ఈ ఆటలో గీతలుండవు, నేల ఉంటుంది. నిజంగా జరిగిన ఒక యుద్ధాన్ని తీసుకుని, ఆ చోట ఉన్న కొండ, వాగు, తోపు, ఊరు, కోట అన్నీ చిన్నవిగా చేసి బల్లమీద అమరుస్తారు. ఇరుపక్షాల సైన్యాలనూ నిలబెడతారు. ఒక్కొక్క బొమ్మ ఇరవైమందికో ముప్ఫైమందికో లెక్క. ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్లు టేపుతో కొలుచుకుని జరుపుతారు. మేం ఆడిన లెక్కలో బాటమీద నడిచే బొమ్మకు తొమ్మిది అంగుళాలు, అడవిలో దూరితే మూడే అంగుళాలు. తుపాకి పేల్చితే తగిలిందో లేదో పాచిక చెబుతుంది. చదరంగానికీ దీనికీ ఉన్న తేడా అదే. ఇక్కడ ఎంత తెలివైనవాడికైనా దారిలో బురద అడ్డమొస్తుంది, అదృష్టం అడ్డం తిరుగుతుంది.

ఇలాంటి ఆటలు మొదట రాజుల ఇళ్లలో పుట్టాయి. ప్రష్యాదేశంలో రైస్విట్జ్ అనే ఆయన 1812లో తమ రాజుగారికి ఒక పెద్ద బల్ల తయారుచేసి ఇచ్చాడు. దాని సొరుగులలో కొండలు, నదులు, ఊళ్లు పోతపోసిన పలకలు ఉండేవి. వాటిని ఎలా కావాలంటే అలా పేర్చి కొత్త కొత్త నేలలు తయారుచేసుకోవచ్చు. ఆయన కొడుకు 1824లో దాన్ని సైన్యాధికారుల శిక్షణకు పనికివచ్చేటట్లు తీర్చాడు. మామూలు ఇళ్లలోకి ఈ ఆటను తీసుకువచ్చినవాళ్లలో ముఖ్యుడు హెచ్.జి. వెల్స్, ఆ నవలలు రాసిన వెల్సే. 1913లో 'లిటిల్ వార్స్' అని ఒక చిన్న పుస్తకం వేశాడు. ఆయనా, ఆయన స్నేహితులూ నేలమీద బోర్లా పడుకుని, కర్రముక్కలు విసిరే స్ప్రింగు ఫిరంగులతో బొమ్మల్ని పడగొట్టేవారట. ఈ ఆట పన్నెండేళ్లనుంచి నూటయాభై ఏళ్లదాకా మగపిల్లలందరికీ అని చెప్పి, తెలివి కాస్త ఎక్కువున్న ఆడపిల్లలు కూడా ఆడవచ్చునన్నాడు ఆ మహానుభావుడు. చూశారా, మగవాళ్లకేమో వయస్సు ఉంటే చాలు, మనకేమో తెలివి కావాలి!

కాని ఆ పుస్తకంలోనే ఆయన మరో మాట కూడా అన్నాడు. ఈ బొమ్మల యుద్ధం నాలుగుసార్లు ఆడినవాడికి, అసలు యుద్ధం ఎంత తెలివితక్కువ పనో బోధపడుతుందని దాని సారాంశం. మరుసటి ఏడే మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది.

"ఏదైనా ఇది మగవాళ్ల పిచ్చేరా, ఇందులో ఆడవాళ్లకేం పని?" అన్నాను ఒకనాడు. అప్పుడు మా తమ్ముడు లివర్‌పూల్ కథ చెప్పాడు. రెండో ప్రపంచయుద్ధంలో జర్మనీ జలాంతర్గాములు అట్లాంటిక్ సముద్రంలో ఇంగ్లండుకు తిండిగింజలు తెచ్చే ఓడలను వరసగా ముంచేస్తున్నాయి. 1942 జనవరిలో లివర్‌పూల్‌లో గిల్బర్ట్ రాబర్ట్స్ అనే నౌకాదళాధికారి ఒక పెద్ద గదిలో నేలంతా సముద్రంగా గీయించి, చిన్న చిన్న ఓడబొమ్మలతో ఆట మొదలుపెట్టాడు. ఆయన దగ్గర పనిచేసినవాళ్లలో ఎక్కువమంది నౌకాదళ మహిళా విభాగంలోని అమ్మాయిలు, కొందరికి ఇరవై ఏళ్లే. జలాంతర్గామి ఎలా లోపలికి చొరబడుతోంది, ఎలా తప్పించుకుంటోంది అని నేలమీద సుద్దతో గీస్తూ లెక్కలు కట్టారు. దానికి విరుగుడు ఎత్తులు కనిపెట్టారు. ఓడల అధికారులు తెరచాటున కూర్చుని, చిన్న సందులోనుంచి చూస్తూ ఆడి నేర్చుకునేవారు. సుమారు 5,000 మంది అధికారులు అక్కడ శిక్షణ పొందారు. మాక్స్ హార్టన్ అనే అడ్మిరల్, తాను స్వయంగా జలాంతర్గాములు నడిపిన ఘనుడు, జలాంతర్గామి పక్షాన ఆడి మళ్లీ మళ్లీ ఓడిపోయాడు. తెర అవతల ఆడింది ఎవరయ్యా అంటే జానెట్ ఒకెల్ అనే అమ్మాయి!

ఈ కథ విన్నాక నేనిక నోరెత్తలేదు. కొంగు బిగించి నేనూ కూర్చున్నాను.

సరే, ఏ యుద్ధం ఆడాలి? మా తమ్ముడు వాటర్లూ అన్నాడు. మా అబ్బాయి "బొబ్బిలి" అన్నాడు. మా అమ్మమ్మగారి ఊరు బొబ్బిలి దగ్గరే. అక్కడి యుద్ధ స్మారక స్తంభం వాడు చిన్నప్పుడే చూశాడు. బొబ్బిలి కథ బుర్రకథల్లో విన్నాం, 1964లో సినిమాగా చూశాం. మనకు తెలియని యుద్ధమా! కాని తెలుసుననుకున్న కథను బల్లమీద పెట్టబోతే ఒక్కటీ తెలియదని తేలింది. కోటగోడ దేనితో కట్టారు? చుట్టూ ఏముండేది? ఫిరంగులు ఎటునుంచి వచ్చాయి? ఆ కాలపు ఇంగ్లీషు చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ రాసిన పుస్తకం సంపాదించి మేనమామా మేనల్లుడూ చదివారు. అది రాతికోట కాదు, మట్టికోట అనీ, చుట్టూ దట్టమైన వెదురు అడవి ఉండేదనీ తెలిసింది. పాటలు వీరుల మీసాల సంగతి చెబుతాయి గాని, వెదురుపొదల సంగతి చెప్పవు కదా!

ఇక నేల తయారుచేయడం. ఇక్కడ నేను మీకు ధైర్యం చెప్పాలి. దీనికి మా తమ్ముడు పడినంత హైరానా అక్కరలేదు. బొమ్మలకొలువు పెట్టే ప్రతి ఇల్లాలికీ ఈ విద్య వచ్చినట్టే. కొలువు ముందు ఇసుకపోసి, ఆవాలు చల్లి మొలకెత్తించి పచ్చిక చేస్తాం. అద్దం పెట్టి కొలను చేసి బాతుల్ని వదులుతాం. ఇదీ అంతే. అడుగున ఒక ప్లైవుడ్ చెక్క వేసి, దానిమీద థర్మోకోల్ ముక్కలు మెట్లుమెట్లుగా అతికించి, పాత వార్తాపత్రికలు చింపి మైదాజిగురులో ముంచి పొరలుగా పరిచాం. ఒక పొర బాగా ఆరకుండా రెండోది వేయకండి, లోపల బూజు పడుతుంది. కోటగోడకు కాగితాల గుజ్జు వాడాం. అందులో మెంతులు నానబెట్టి రుబ్బి కలిపితే పురుగు పట్టదని మా అత్తగారు చెప్పారు. పూర్వం చేటలకీ, బుట్టలకీ పూసే గుజ్జే అది.

ఆరిన తర్వాత జిగురు రాసి ఇసుక జల్లి, మట్టిరంగు పూయాలి. పైన లేతరంగు వేసేటప్పుడు కుంచెలోని రంగంతా గుడ్డకు తుడిచేసి, దాదాపు పొడికుంచెతో గరుకులమీద అలా అలా ఆడించాలి. ఎత్తుపల్లాలు దానంతటవే తేలి కనిపిస్తాయి. వడకట్టిన టీపొడి కడిగి ఎండబెట్టి చల్లితే ఆకులు రాలిన అడవి నేల అవుతుంది. రంపపు పొట్టుకు ఆకుపచ్చ రంగు పట్టిస్తే గడ్డి. ఎండిన నేతిబీరకాయ పీచును తుంచి రంగు వేస్తే పొదలు. చీపురు పుల్లలు గుత్తులుగా గుచ్చితే వెదుళ్లు. కొబ్బరిపీచు గుడిసెలకు కప్పు. ఏదీ కొనక్కరలేదు. నా ఇల్లు ఊడ్చే చీపుళ్లు రెండు మాత్రం బొబ్బిలి అడవికి ఆహుతి అయిపోయాయి.

ఈ పనిలో ఎంతదూరం వెళ్లవచ్చో చెప్పడానికి ఒక మాట. వాటర్లూ యుద్ధం జరిగిన చోటును విలియమ్ సైబోర్న్ అనే ఇంగ్లీషు అధికారి బొమ్మగా చేశాడు. అందుకోసం ఎనిమిది నెలలు ఆ యుద్ధభూమిలోనే కాపురముండి పొలం పొలం కొలిచాడు. బ్రతికున్న అధికారులకు ఉత్తరాలు రాసి, "సాయంకాలం ఏడు గంటలవేళ మీరు ఎక్కడ నిలబడ్డారు?" అని అడిగాడు. 1838లో లండన్‌లో ప్రదర్శించాడు. అక్కడి జాతీయ సైనిక మ్యూజియంలో నేటికీ ఉంది. అయితే తగాదా ఎక్కడ వచ్చిందంటే, సహాయానికి వచ్చిన ప్రష్యావాళ్లను ఆయన బల్లమీద చాలామందిని నిలబెట్టాడు. అలా చేస్తే గెలుపు వాళ్లదే అనిపిస్తుందని వెల్లింగ్‌టన్ ప్రభువు పక్షంవారికి కోపం వచ్చింది. చివరికి సైబోర్న్ చాలా బొమ్మల్ని తీసేశాడు. అంటే చూడండి, బల్లమీద ఎవరిని నిలబెట్టాలి, ఎవరిని తియ్యాలి అన్నదే అసలు యుద్ధమన్నమాట. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మా ఇంట్లోనూ అదే వచ్చింది.

మొదటి మూడు ఆదివారాలూ బొబ్బిలి ఓడిపోయింది. మా తమ్ముడు ఫ్రెంచి సేనాని బుస్సీ. మా వారు విజయనగరం విజయరామరాజు. మా అబ్బాయి రంగారాయుడు. అడవి అందానికని పెట్టామనుకున్నాను గాని, ఆటలో అదే పెద్ద సైన్యమైంది. వెదుళ్లలో ఫ్రెంచి దళం మూడేసి అంగుళాల చొప్పున పాకుతుంటే మా వాడు ఎగిరి గంతులేసేవాడు. అయినా ఫిరంగికి మట్టిబురుజు ఎంతసేపు ఆగుతుంది? బురుజు కూలడం, లోపలికి జొరబడడం, కేకలు, చప్పట్లు. ఓడినా వాడికి హుషారే. "ఈసారి ఇంకా ఎక్కువసేపు నిలిచానమ్మా!" అనేవాడు.

మూడో ఆదివారం సాయంత్రం మా అత్తగారు వత్తులు చేసుకుంటూ వచ్చి బల్ల పక్కన నిలబడ్డారు. చాలాసేపు కోటలోకి తొంగి తొంగి చూశారు. "అన్నీ బాగానే పెట్టారు గాని, ఆడవాళ్లేరిరా?" అన్నారు.

ఎవరూ మాట్లాడలేదు.

సోదరీమణులారా, ఆ కథ మీకు తెలుసు. 1757 జనవరి 24న కోట ఇక నిలవదని తేలినప్పుడు, ఆడవాళ్లూ పిల్లలూ శత్రువుల చేతిలో పడకూడదని లోపలివాళ్లే ఇళ్లకు నిప్పుపెట్టారు, తమ చేతులతో తమవాళ్లనే చంపుకున్నారు. పాటలో అది వింటున్నప్పుడు మనకు ఒళ్లు గగుర్పొడుస్తుంది, కళ్లనీళ్లు తిరుగుతాయి. కాని మా బల్లమీద గుర్రాలకు కూడా లెక్క ఉంది, వాళ్లకు లెక్క లేదు. ఒక్క బొమ్మ లేదు, ఒక్క నియమం లేదు. కొబ్బరిపీచు ఇళ్లు ఎంతో ముచ్చటపడి నేనే కప్పాను. ఆ ఇళ్లలో ఎవరున్నారో నాకూ తోచలేదు. అందుకే సిగ్గుపడ్డాను.

"అమ్మమ్మగారి ఊరు అని గొప్ప చెప్పుకోవడం కాదు, వాళ్లని పెట్టి ఆడండి" అని ఆవిడ అక్కడే కూర్చుని, అగ్గిపుల్లలకు దూది చుట్టి, పసుపులోనూ కుంకంలోనూ అద్ది పన్నెండు బొమ్మలు చేశారు. అందులో నాలుగు మరీ చిన్నవి.

మా తమ్ముడు ఒప్పుకోలేదు. "పిన్నిగారూ, ఇది చరిత్ర ఆట. జరగనిది జరిపించకూడదు" అన్నాడు. దానిమీద పెద్ద వాదమే జరిగింది. వాడి మాటలో నిజం లేకపోలేదు. కొండను జరపకూడదు, లేని ఫిరంగిని తేకూడదు. కాని మనిషి తీసుకునే నిర్ణయం ఉందే, దాన్ని మార్చి చూడడానికే కదా ఈ ఆట! లేకపోతే పుస్తకం చదువుకుంటే సరిపోదూ? పైగా ఓర్మ్ పుస్తకంలోనే ఉంది. ఆ నేల వదిలేస్తే మరోచోట అంతకంటే మంచి భూములిస్తానని బుస్సీ కబురుపెట్టాడు. తాతలనాటి నేల వదలడం అవమానమని రంగారాయుడు ఒప్పుకోలేదు. అంటే అక్కడ రెండు దారులున్నాయి. మరో సంగతి కూడా ఉంది. అంతా అయిపోయాక ఒక వృద్ధుడు నాలుగేళ్ల పసివాణ్ణి వెంటబెట్టుకుని లా అనే ఫ్రెంచి అధికారి దగ్గరకు వచ్చాడు. వీడు రంగారాయుడి కొడుకు, తండ్రి ఇష్టానికి విరుద్ధంగా నేను కాపాడాను అని చెప్పాడు. ఆ పిల్లవాడే తర్వాత చిన రంగారావు అయ్యాడు. తాండ్ర పాపయ్య పేరు మనందరికీ తెలుసు. పగతీర్చుకోవడానికి రాత్రివేళ విజయరామరాజు డేరాలో దూరిన వీరుడాయన. ఆ వృద్ధుడి పేరు మనలో ఎంతమంది చెప్పగలరు?

ఇది చదివి వినిపించాక మా తమ్ముడు మెత్తబడ్డాడు. నాలుగో ఆదివారం పన్నెండు దూదిబొమ్మలూ కోటలో ఉన్నాయి. వాటిని నడిపించే పని నాకు అప్పగించారు. వెనకవైపు వెదుళ్లలోనుంచి మూడేసి అంగుళాలు. ఎనిమిది వంతులు గడిస్తే గాని అడవి దాటలేం. అంతవరకు బురుజు నిలవాలి. మా అబ్బాయి ఆ రోజు గంతులు వేయలేదు. ఉన్న కొద్దిమందినీ గోడమీద ఉంచాలా, మా వెంట పంపాలా అని ప్రతి వంతుకూ తల పట్టుకునేవాడు. అంతకు ముందు మూడు వారాలూ వాడు యుద్ధం ఆడాడు. ఆ రోజు ఇల్లు నడిపాడు.

ఏడో వంతులో బురుజు కూలింది. ముందు బయలుదేరినవాళ్లు ఏడుగురు బయటపడ్డారు. అయిదుగురు లోపల ఉండిపోయారు. మావాడు ఆ అయిదింటినీ చాలాసేపు ముట్టుకోలేదు.

నిజంగా ఆ రోజున వాళ్లు బయటపడగలిగేవారా? రంగారాయుడు చేసినది తప్పా? మానప్రాణాలమీదకు వచ్చినప్పుడు ఆ కాలపు మనిషి పడిన బాధ మనకేం తెలుసు? ఫాను కింద కూర్చుని తీర్పు చెప్పడం నాకిష్టం లేదు. కాని ఒకటి మాత్రం చెప్పగలను. ఆ ఇళ్లలో ఉన్నవాళ్లను "మీరేమంటారు?" అని అడిగినట్టు ఏ పాటలోనూ నేను వినలేదు. బల్లమీద వాళ్లకు చోటిచ్చిన తర్వాతే మా పిల్లవాడికి ఆ ప్రశ్న తోచింది. వాడు ఇక ఎప్పుడు యుద్ధం మాట విన్నా, కోటలో ఎవరున్నారని ఒకసారి ఆలోచిస్తాడు. ఒక తల్లికి అంతకంటే ఏం కావాలి?

అందుచేత, మీ పిల్లలు కత్తులనీ తుపాకులనీ గోల చేస్తుంటే వట్టినే కసరకండి. సెలవుల్లో ఒక చెక్కా, రెండు చీపుళ్లూ వాళ్లకు వదిలేయండి. మీ ఊరి కోటో, తాతగారి పల్లెటూరో చేయించండి. కోట కట్టాక నీళ్లబావి ఎక్కడుందో అడగండి. నీళ్లు తోడేవాళ్లు ఎక్కడున్నారో అడగండి. వాళ్లనూ నిలబెట్టమనండి. తర్వాత ఎలా ఆడుకుంటారో వాళ్లిష్టం.

మా వైపు కొలువు సంక్రాంతికి పెడతాం. ఆ ఏడు మా అత్తగారు కొలువు ముందు అద్దపు కొలను పక్కన ఆ ఏడు దూదిబొమ్మలనూ నిలబెట్టారు. పేరంటానికి వచ్చినవాళ్లు వంగి చూసి "ఇవేమిటండీ, వింతగా ఉన్నాయి?" అని అడుగుతుంటే, పక్కనే నిలబడ్డ మా అబ్బాయి జవాబు చెప్పేవాడు.

"వాళ్లా అండీ, బొబ్బిలినుంచి వచ్చారు."